కొబ్బరికాయ బేరం, కెర్నెల్ కోడు

కాళేశ్వరంలో ఇప్పుడు కొబ్బరికాయ కొనడానికి కూడా ఫోనే తీస్తున్నారు. కాళేశ్వర ముక్తీశ్వరస్వామి గుడి దారిలో పూలు, పసుపు కుంకుమలు అమ్మే బల్లల మీద క్యూఆర్ అట్టలు నిలబడి ఉంటాయి. మామూలు రోజున స్కాన్ చేసి పిన్ కొట్టిన కాసేపటికే పచ్చ టిక్కు పడుతుంది. శివరాత్రి నాడో, 2025 మే 15 నుంచి 26 దాకా జరిగిన సరస్వతీ పుష్కరాల వంటి రోజుల్లోనో ఒక్క టవరు మీద వేల ఫోన్లు వాలితే మాత్రం తెర మీద చక్రం అలా తిరుగుతూనే ఉంటుంది. ‘‘పైసలొచ్చినయా అమ్మా?’’ ‘‘ఇంకా రాలే బిడ్డా, ఆగు.’’ చివరికి ఇద్దరూ కలిసి ‘‘నెట్టు లేదు’’ అని తేల్చేస్తారు.

ఆ తీర్పు చాలాసార్లు సగమే నిజం. నెట్టు ఉంటుంది, దారిలో ఒక ప్యాకెట్, అంటే ఒక డేటా ముక్క, పోయి ఉంటుంది. పోయిందని ఎప్పుడు అనుకోవాలి, ఎంతసేపు ఎదురుచూడాలి, ఎప్పుడు మళ్ళీ పంపాలి అన్న నిర్ణయాలు టవరు చేతిలో ఉండవు. డేటా వరుస తప్పకుండా చేరేలా చూసే టీసీపీ అనే పద్ధతి మీద నడిచే యాప్ అయితే వాటిని తీసుకునేది చేతిలోని ఫోనే, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఆ ఫోనులోని కెర్నెల్. ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్ మీద నేరుగా అధికారం చలాయించే నడిబొడ్డు భాగం అది. ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలో ఉండే కెర్నెల్ లైనక్స్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ కోడు జీపీఎల్ రెండో వెర్షన్ కింద అందరికీ తెరిచే ఉంది. అంటే గోదావరీ ప్రాణహితల సంగమం ఒడ్డున నిలబడిన మనిషి జేబులోని చక్రం ఎందుకు తిరుగుతోందో చెప్పే వాక్యాలు, సీ భాషలో, ఎవరైనా దించుకుని చదువుకునేలా ఉన్నాయి. చదివేవాళ్ళే తక్కువ.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ అంటే సాకెట్ ప్రోగ్రామింగ్. ఒక సర్వరు రాయడం, ఒక క్లయింటు రాయడం, ‘హలో’ అటు పంపి ఇటు తెప్పించుకోవడం. అది గుమ్మం దాకా వెళ్ళి తిరిగి రావడమే. సాకెట్‌లోకి రాసిన అక్షరాలు ఆ తర్వాత ఏమయ్యాయన్నది గుమ్మానికి అవతల కథ. ఆ అవతలికి వెళ్ళాలనుకునేవాళ్ళు సాధారణంగా లావాటి పుస్తకం తెచ్చుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, మూడో అధ్యాయంలో ఆగిపోతారు. నన్నడిగితే అది తప్పు దారి. ఒక్క ప్యాకెట్‌ను పట్టుకుని, అది పోయే చోటు దాకా వెంటపడాలి. బాగా నడిచే నెట్‌వర్క్ ఏమీ నేర్పదు.

కాబట్టి పోయిన ప్యాకెట్‌తోనే మొదలుపెడదాం. టీసీపీ పంపే ప్రతి బైటుకూ ఒక వరుస సంఖ్య ఉంటుంది. ‘ఫలానా సంఖ్య దాకా అందింది’ అని అవతలి యంత్రం రసీదు పంపుతుంది. నడుమ ఒకటి పోయి, దాని వెనకవి అందుతూ ఉంటే, పాత సంఖ్యతోనే రసీదులు మళ్ళీ మళ్ళీ వస్తాయి. అలాంటివి మూడు వచ్చాయంటే పంపిన యంత్రానికి విషయం తెలిసిపోతుంది. పోయినదాన్ని వెంటనే మళ్ళీ పంపుతుంది. ఇదంతా వెనక వచ్చేవి ఉన్నప్పటి మాట. పోయింది చిట్టచివరి ప్యాకెట్ అయితే? దాని వెనక ఏదీ రాదు కాబట్టి రసీదులూ రావు. అప్పుడిక గడియారమే దిక్కు. ఇంత సమయంలో రసీదు రాకపోతే పోయినట్టే అని పెట్టుకునే ఆ గడువు లైనక్స్‌లో కనీసం 200 మిల్లీసెకన్లు. దారి నెమ్మదిగా ఉన్నకొద్దీ అది పెరుగుతుంది. రెండోసారి పంపినదీ పోతే గడువు రెట్టింపవుతుంది, మూడోసారికి మళ్ళీ రెట్టింపు. పైగా గడువు దాటిపోయిందంటే దారి బాగా మూసుకుపోయిందని టీసీపీ భయపడి, ఒక్కో ప్యాకెట్‌తో మళ్ళీ మొదటి నుంచి వేగం కూడగట్టుకుంటుంది.

సినిమా చూసేటప్పుడు ఇది పెద్దగా తెలియదు. వేల ప్యాకెట్లలో చివరిది ఒక్కటే. కొబ్బరికాయ డబ్బులు కట్టేటప్పుడు పంపేదే గుప్పెడు ప్యాకెట్లు. అందులో ప్రతిదీ దాదాపు చివరిదే.

ఈ చిక్కు మీద పనిచేసినవాళ్ళలో గూగుల్ ఇంజనీరు నందిత దుక్కిపాటి ముఖ్యులు. ఇంటిపేరు చూసి తెలుగువాళ్ళ చెవులు నిక్కబొడుచుకోవడం సహజం. పని చూస్తే ఇంకా నిక్కబొడుచుకోవాలి. ఆమె, సహచరులు కలిసి తెచ్చిన ‘టెయిల్ లాస్ ప్రోబ్’ 2013లో లైనక్స్ 3.10 వెర్షన్‌లో చేరింది. ఉపాయం వినడానికి చాలా చిన్నది. పెద్ద గడువు ముగిసేదాకా చేతులు కట్టుకుని కూర్చోకుండా, ప్యాకెట్ పోయి రసీదు తిరిగి రావడానికి పట్టే కాలానికి సుమారు రెండింతలు చూసి, కొత్త డేటా ఉంటే అది, లేకపోతే చివరి ప్యాకెట్‌నే ఇంకోసారి పంపు. దారిలో ఉన్నది ఒక్క ప్యాకెట్టే అయితే అవతలివాళ్ళు రసీదు కాస్త ఆలస్యం చేస్తారేమోనని ఇంకొంత ఆగు. అలా పంపిన దానికి వచ్చే రసీదు చూస్తే ఏది చేరిందో, ఏది పోయిందో తెలుస్తుంది. గడువు ముగిసినప్పటి భయమంతా తప్పుతుంది. తర్వాత ఇది 2021లో ఆర్‌ఎఫ్‌సీలనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల్లో 8985వ సంఖ్యతో చేరింది. టీసీపీని వదిలి క్విక్ అనే కొత్త పద్ధతి వాడే యాప్‌లలో ఈ పని కెర్నెల్ బయట జరుగుతుంది గానీ, అక్కడి గడువు లెక్క కూడా ఈ ఆలోచన నుంచి పుట్టిందే.

దుక్కిపాటి పేరు అంతకుముందే ఇంకో మార్పులో ఉంది. కనెక్షన్ మొదలైన వెంటనే, రసీదు కోసం ఆగకుండా ఎన్ని ప్యాకెట్లు పంపవచ్చు? 2002 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3390 ప్రకారం మామూలు ప్యాకెట్లయితే మూడు. దాన్ని పదికి పెంచాలని ఆమె బృందం 2010లో ఒక పరిశోధన వ్యాసం రాసింది. 2011లో లైనక్స్ 2.6.39 ఆ పదిని తీసుకుంది. 2013లో అది ఆర్‌ఎఫ్‌సీ 6928 అయింది. పది ప్యాకెట్లంటే 14,600 బైట్లు. అంత సైజు పేజీ తెప్పించడానికి మునుపు మూడు, ఆరు, ఆపైన మిగిలినవి అంటూ కనీసం మూడు విడతలు పట్టేది, ఇప్పుడు ఒకటి చాలు. సర్వరు దూరంగా ఉండి, దారి నెమ్మదిగా ఉన్న ఊళ్ళకు దీనితో ఒరిగేది ఎక్కువ. కేబుళ్ళు మార్చలేదు, టవరు మార్చలేదు. కెర్నెల్‌లో ఒక అంకె మారింది.

రెండు కొసల్లోని కెర్నెళ్ళను మార్చి నెట్‌వర్క్‌ను బాగుచేయడం ఇంటర్నెట్‌కు పాత అలవాటే. సాకెట్ అన్న భావన 1983లో బర్క్‌లీ యూనిక్స్ 4.2 వెర్షన్‌తో లోకానికి వచ్చింది. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య, 400 గజాల దూరంలో, సెకనుకు 32 వేల బిట్లు నడవాల్సిన చోట 40 బిట్లు నడిచాయి. 40 వేలు కాదు, నలభై. కారణం వెతికిన వ్యాన్ జాకబ్సన్‌కు తేలిందేమిటంటే, ప్యాకెట్లు పోయినకొద్దీ యంత్రాలన్నీ ఇంకా ఎక్కువగా పంపుతున్నాయి. పోయిందంటే దారి ఇరుకైందని అర్థం చేసుకుని వేగం తగ్గించే పద్ధతిని ఆయన రాశారు. 1988లో అది బర్క్‌లీ యూనిక్స్ కెర్నెల్‌లో చేరింది. ఇంటర్నెట్ కుప్పకూలకుండా నిలిచింది ఆ కోడుతో. లైనక్స్‌లోకి నెట్‌వర్క్ కోడు 1992లో రాస్ బైరో చేతి మీదుగా వచ్చింది. ఆ తర్వాత ఫ్రెడ్ వాన్ కెంపెన్, ఆలన్ కాక్స్ దాన్ని తిరగరాశారు. డేవిడ్ మిల్లర్ చాలా ఏళ్ళు దాని బాగోగులు చూశారు.

లోపల రాయడం ఎందుకు కష్టం? మామూలు ప్రోగ్రాములో తప్పుడు చిరునామా ముట్టుకుంటే ఆ ప్రోగ్రాము ఒక్కటే చస్తుంది. కెర్నెల్‌లో అదే తప్పు చేస్తే యంత్రమంతా పడిపోవచ్చు. దశాంశ సంఖ్యలతో స్వేచ్ఛగా లెక్కలు చేయడానికి వీల్లేదు. స్టాకు 64 బిట్ల ఇంటెల్ యంత్రాల మీద 16 కిలోబైట్లే. పెద్ద అర్రే ఒకటి లోపల ప్రకటించామంటే ముగిసినట్టే. నెట్‌వర్క్ కోడులో చాలా భాగం ఇంటరప్టుల, అంటే హార్డ్‌వేర్ వేసే కేకల, నీడలో నడుస్తుంది కాబట్టి అక్కడ నిద్రపోకూడదు. మెమరీ అడిగినా ‘ఉంటే ఇప్పుడే ఇవ్వు, లేకపోతే లేదను’ అన్నట్టే అడగాలి. ఒకే ప్యాకెట్ల వరుసను నాలుగు ప్రాసెసర్లు ఒకేసారి ముట్టుకునే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఈ చివరిదే అసలు ప్రమాదం, ఎందుకంటే వంద సార్లు బాగా నడిచి నూటొకటోసారి పడేస్తుంది.

వీటన్నిటికంటే ముందు ఎదురయ్యేది మాత్రం బైట్ల వరుస. నెట్‌వర్క్ మీద పెద్ద బైటు ముందు వెళ్ళాలని నియమం. మన లాప్‌టాప్‌లు చిన్న బైటును ముందు పెట్టుకుంటాయి. మార్పిడి మరిచిపోయి పోర్టు 80 అని నేరుగా పోల్చామా, కెర్నెల్ 20480 పోర్టు కోసం వెతుకుతుంది. ఏ తప్పూ చూపించదు, యంత్రం పడిపోదు, ఒక్క ప్యాకెట్టూ దొరకదు. కొత్తవాళ్ళ సాయంత్రాలు ఎన్ని దీనికి ఆహుతి అయ్యాయో!

ఇక ప్యాకెట్ వెంట లోపలికి వెళదాం. యాప్ సాకెట్‌లోకి రాసిన బైట్లను కెర్నెల్ తన మెమరీలోకి తెచ్చుకుని, వాటికి ‘ఎస్‌కే_బఫ్’ అనే నిర్మాణాన్ని తగిలిస్తుంది. కెర్నెల్‌లో పనిచేసేవాళ్ళు దీన్ని ‘ఎస్‌కేబీ’ అంటారు. లైనక్స్ నెట్‌వర్కింగ్‌లో ఏ ఫైలు తెరిచినా ఇదే కనబడుతుంది. దీన్ని అర్థం చేసుకుంటే సగం దారి నడిచినట్టే, కాబట్టి ఇక్కడ తొందరపడకూడదు. అందులో ముఖ్యమైనవి నాలుగు గుర్తులు: మెమరీ ముక్క ఎక్కడ మొదలవుతుంది, అసలు డేటా ఎక్కడ మొదలవుతుంది, డేటా ఎక్కడ ముగుస్తుంది, ముక్క ఎక్కడ ముగుస్తుంది. డేటాకు ముందు కావాలనే కొంత ఖాళీ వదులుతారు. టీసీపీ తన 20 బైట్ల శీర్షికను ఆ ఖాళీలో రాసి, ‘డేటా మొదలు’ గుర్తును 20 వెనక్కి జరుపుతుంది. ఐపీ ఇంకో 20 జరుపుతుంది, ఈథర్‌నెట్ ఇంకో 14. డేటా మాత్రం ఉన్నచోటు నుంచి కదలదు. వచ్చే ప్యాకెట్‌కు ఇదే తిరగబడుతుంది: ఒక్కో పొర తన శీర్షిక చదువుకుని గుర్తును ముందుకు జరిపి పై పొరకు అప్పగిస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ‘ఏడు పొరలు’ అని రంగు రంగుల బొమ్మ వేసి బట్టీ పట్టించే విషయానికి ఇక్కడ ఉన్న రూపం ఇదీ: ఒక గుర్తు వెనక్కీ ముందుకూ జరగడం. నాకు తెలిసి ఈ ఒక్క ముక్క చెప్పాక పొరల బొమ్మ ఎవరికీ మళ్ళీ గీసి చూపించనక్కర్లేదు.

ఒక ఎస్‌కేబీని ఎందరు పట్టుకున్నారో లెక్క ఉంటుంది. వదిలేటప్పుడు లెక్క తగ్గించకపోతే మెమరీ కారిపోతుంది. రెండుసార్లు తగ్గిస్తే ఇంకొకరు వాడుతున్నది మాయమవుతుంది. వదలడానికి రెండు వేర్వేరు ఫంక్షన్లు ఉన్నాయి, పని ముగిసి వదిలితే ఒకటి, పారేస్తే ఒకటి. 2022లో వచ్చిన 5.17 వెర్షన్ నుంచి పారేసేటప్పుడు కారణం కూడా నమోదు చేసే ఏర్పాటు మొదలైంది: చెక్‌సమ్ తప్పా, వినే సాకెట్ లేదా, ఫిల్టరు ఆపిందా. ‘నెట్టు లేదు’ అన్న మాటకు బదులు ఫలానా ఫంక్షన్‌లో, ఫలానా కారణానికి పోయింది అని కెర్నెలే చెప్పే రోజు వచ్చిందన్నమాట. నేర్చుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి గురువు లేదు.

ప్యాకెట్లు లోపలికి రావడంలో ఇంకో రకం తంటా ఉంది. నెట్‌వర్క్ కార్డు వచ్చిన ప్యాకెట్‌ను నేరుగా మెమరీలోని ఒక వలయాకారపు వరుసలో పడేసి, ప్రాసెసరును ఇంటరప్టుతో లేపుతుంది. ప్యాకెట్లు నెమ్మదిగా వస్తున్నప్పుడు ఇది బాగానే ఉంటుంది. సెకనుకు 1,000 కోట్ల బిట్ల లంకె మీద అతిచిన్న ఈథర్‌నెట్ ఫ్రేములు వరుసగా వస్తే సెకనుకు 1 కోటి 48 లక్షల 80 వేలు. ఒక్కోదానికి మిగిలే సమయం 67.2 నానోసెకన్లు. ప్రతిదానికీ ప్రాసెసరును లేపితే అది లేవడంతోనే సరిపోతుంది, ఏ ప్యాకెట్‌నూ పైకి పంపలేదు. యంత్రం విపరీతంగా పనిచేస్తూ ఏ పనీ చేయని ఈ స్థితిని జెఫ్రీ మోగల్, కె.కె. రామకృష్ణన్ 1996 నాటి వ్యాసంలో వివరించి, పరిష్కారమూ చూపారు. లైనక్స్‌లో ఆ దారిన వచ్చిన ఏర్పాటు ‘నాపీ’.

కాళేశ్వరం నుంచి అవతలి ఒడ్డున ఉన్న సిరొంచకు వంతెన రాకముందు పడవే గతి. ఒడ్డున కేక వినబడినప్పుడల్లా ఒక్కొక్కరి కోసం పడవ నడిపితే సంత రోజున పడవవాడు చచ్చిపోతాడు. తెలివైనవాడు మొదటి కేకకు వెళతాడు, వెళ్ళాక కేకలు పట్టించుకోకుండా రేవులో ఉన్నవాళ్ళను పడవ పట్టినంతమందిని ఎక్కించుకుంటాడు, జనం అయిపోయాకే మళ్ళీ చెవి ఒగ్గుతాడు. నాపీ అంతే. మొదటి ఇంటరప్టుకు లేచి, ఇక ఇంటరప్టులు ఆపమని కార్డుకు చెప్పి, తనే వరుస చూసుకుంటూ ఒక్కో విడతకు సాధారణంగా 64 ప్యాకెట్ల దాకా తీసుకుంటుంది. కార్డులన్నిటికీ కలిపి ఒక దఫాకు 300 అని మరో హద్దు, అందుకు తోడు సమయానికీ ఒక హద్దు. వరుస ఖాళీ అయితే ఇంటరప్టులు మళ్ళీ తెరుస్తుంది. ఆ తెరిచే క్షణానికీ, ఖాళీ అని చూసిన క్షణానికీ మధ్య ఒక ప్యాకెట్ వచ్చి పడితే? దాన్ని ఎవరూ చూడరు. డ్రైవరు రాసేవాళ్ళను నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే.

ఇవన్నీ చేసి చూడటానికి రౌటర్లు, స్విచ్‌లు కావాలనుకుని చాలామంది వెనకడుగు వేస్తారు. అక్కర్లేదు. లైనక్స్‌లో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ అనే వసతి ఉంది. ఒకే లాప్‌టాప్‌లో ఎన్ని కావాలంటే అన్ని వేరు వేరు నెట్‌వర్క్ లోకాలు సృష్టించుకోవచ్చు. ఒక్కోదానికి సొంత ఐపీ చిరునామా, సొంత రూటింగ్ పట్టిక, సొంత ఫిల్టర్లు. రెండు లోకాలను ‘వెత్’ అనే ఊహా కేబులుతో కలపవచ్చు. ఆ కేబులు మీద ‘నెట్‌ఎమ్’ పెట్టి ఇంత ఆలస్యం, ఇంత శాతం నష్టం అని చెబితే జాతరనాటి టవరు మీ టేబుల్ మీద తయారవుతుంది.

మూడు నేమ్‌స్పేసులు చేయండి: ఫోను, టవరు, బ్యాంకు. నెట్‌ఎమ్‌ను మధ్యదానిలోనే పెట్టాలి. పంపే చోటే పెడితే ప్యాకెట్లు యంత్రం దాటకుండానే ఆగుతాయి, టీసీపీకి దారి గురించి వచ్చే సమాచారం అసలు దారిలా ఉండదు. ఇంకో మోసం కూడా ఉంది. ఊహా కేబులు మీద కెర్నెల్ పని తగ్గించుకోవడానికి 1,500 బైట్ల ప్యాకెట్లను కలిపి 64 వేల బైట్ల దాకా ఒకే ముద్దగా పంపుతుంది. పెద్ద ఫైలు పంపి ‘ఒక శాతం ప్యాకెట్లు పోయాయి’ అని లెక్క కట్టేవాళ్ళు నిజానికి ఒక శాతం ముద్దలు పోగొడుతున్నారు. ‘ఈథ్‌టూల్’తో ఈ కలపడాలన్నీ ఆపాకే ప్రయోగానికి అర్థం ఉంటుంది. పుస్తకాల్లో ఈ మాట అరుదుగా కనబడుతుంది, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ఇప్పుడు ఫోను నుంచి బ్యాంకుకు చిన్న చిన్న అభ్యర్థనలు వరుసగా పంపి ఒక్కోదానికి ఎంత సమయం పట్టిందో రాసుకోండి. ‘టీసీపీ_ఎర్లీ_రెట్రాన్స్’ అనే మీట మామూలుగా 3 మీద ఉంటుంది. దాన్ని 0 చేస్తే దుక్కిపాటి బృందం పెట్టిన ప్రోబ్ ఆగిపోతుంది. అదే ప్రయోగం మళ్ళీ చేయండి. సగటు చూడకండి, సగటు అబద్ధమాడుతుంది. అన్నిటికంటే ఆలస్యమైన కొద్ది అభ్యర్థనలను చూడండి. ‘ఎన్‌స్టాట్’ ఆదేశం ఎన్ని ప్రోబ్‌లు వెళ్ళాయో, వాటిలో ఎన్ని ఫలించాయో, ఎన్నిసార్లు గడువు ముగిసిందో విడివిడిగా చూపిస్తుంది. ఆ తర్వాత కెర్నెల్ కోడులో ‘నెట్’ ఫోల్డరు, అందులో ‘ఐపీవీ4’, అందులో టీసీపీ పంపే వైపు ఫైలు తెరిచి ‘లాస్ ప్రోబ్’ అన్న ఫంక్షన్ చదవండి. మునుపు కొండలా కనబడిన ఫైలులో రెండు పేజీలు మీకు ముందే తెలిసిన కథలా ఉంటాయి.

చదవడం నుంచి రాయడానికి రావాలంటే మొదటి మెట్టు నెట్‌ఫిల్టర్. 2001 జనవరిలో 2.4 కెర్నెల్‌తో వచ్చిన ఈ చట్రాన్ని రస్టీ రసెల్ మొదలుపెట్టారు. ప్యాకెట్ దారిలో ఐదు చోట్ల కొక్కేలు ఉంటాయి. మనం రాసిన ఫంక్షన్‌ను ఒక కొక్కేనికి తగిలిస్తే ప్రతి ప్యాకెట్టూ దాని ముందుకు వస్తుంది, పోనివ్వు అనో పారెయ్ అనో చెప్పాలి. ముప్పై నలభై వరుసల మాడ్యూలు చాలు. కాకపోతే దాన్ని మీ సొంత యంత్రంలో ఎక్కించకండి. క్యూఈఎమ్‌యూ వంటి వర్చువల్ యంత్రంలో ఎక్కించండి, పడిపోతే పడిపోతుంది, మళ్ళీ లేపుకోవచ్చు. కెర్నెల్ నేర్చుకునేవాడు రోజుకు రెండుసార్లయినా యంత్రాన్ని పడేయకపోతే ఏదో తప్పించుకుంటున్నాడని అర్థం.

హార్డ్‌వేర్ దగ్గరికి వెళ్ళాలనుకుంటే ఎమ్‌ఐటీ వాళ్ళ బోధన కెర్నెల్ ‘ఎక్స్‌వీ6’ ఉంది. అందులో ఒక అభ్యాసం ఇంటెల్ ఈ1000 కార్డుకు పంపే, తీసుకునే ఫంక్షన్లు రాయడం. కార్డు కొననక్కర్లేదు, క్యూఈఎమ్‌యూ దాన్ని నటించి చూపిస్తుంది. పుస్తకాల్లో నేను మొదట చేతిలో పెట్టేది రైట్, స్టీవెన్స్ రాసిన ‘టీసీపీ/ఐపీ ఇలస్ట్రేటెడ్’ రెండో సంపుటం. 1995 నాటిది, లైనక్స్ గురించి కూడా కాదు. బర్క్‌లీ యూనిక్స్ కోడును 15 వేల వరుసల మేర విప్పి చెబుతుంది. అయినా ఆలోచించే పద్ధతి నేర్పడంలో దానికి సాటి రాలేదు. లైనక్స్ మీద బెన్వెనూటి 2005 పుస్తకం, రామీ రోజెన్ 2013 పుస్తకం ఉన్నాయి. వాటిలోని ఉదాహరణలు ఇవాళ కంపైల్ కావడం లేదని కంగారు పడొద్దు. కెర్నెల్ తన లోపలి ఫంక్షన్లను మార్చడానికి ఎవరి అనుమతీ అడగదు. బయటి ప్రోగ్రాములకు ఇచ్చిన మాట మాత్రం తప్పదు. డ్రైవరు ఫంక్షన్లను పెట్టే చోటు 2009లో 2.6.29తోనే మారింది, నెట్‌ఫిల్టర్ కొక్కెం తగిలించే పాత ఫంక్షన్ 4.13లో పోయింది. కంపైలరు ఇచ్చే తిట్టును పట్టుకుని కొత్త ఫంక్షన్ ఏదో వెతుక్కోవడం కూడా చదువులో భాగమే.

ఈమధ్య చాలామంది మాడ్యూళ్ళు వదిలి ఈబీపీఎఫ్ వైపు వెళుతున్నారు. దీని తాత 1993లో మెక్‌కేన్, జాకబ్సన్ ప్రచురించిన ప్యాకెట్ ఫిల్టరు. 2014లో 3.18 కెర్నెల్ నుంచి చిన్న ప్రోగ్రాములను నడుస్తున్న కెర్నెల్‌లోకి ఎక్కించే కొత్త ద్వారం తెరుచుకుంది. ఎక్కించేముందు ఒక తనిఖీదారు ప్రతి దారినీ నడిచి చూసి, అనుమతి లేని మెమరీ ముట్టుకుంటుందేమో, ఎప్పటికీ ముగియని చుట్టు ఏదైనా ఉందేమో చూస్తుంది. 2016లో 4.8తో వచ్చిన ఎక్స్‌డీపీ అయితే ఎస్‌కేబీ తయారు కాకముందే, డ్రైవరు దగ్గరే ప్యాకెట్ గతి తేల్చేస్తుంది. యంత్రం పడిపోదు కాబట్టి భయం లేదు. కానీ నా అభిప్రాయంలో మొదట మాడ్యూలు రాసి, రెండు మూడుసార్లు యంత్రాన్ని పడేసి, ఆ తర్వాతే దీనికి రావాలి. తనిఖీదారు ఎందుకు వద్దంటోందో అప్పుడే తెలుస్తుంది.

ఇదంతా అమెరికా కంపెనీల్లో పనిచేసేవాళ్ళకే గానీ మనకెందుకు అనేవాళ్ళకు పక్క రాష్ట్రంలోనే సమాధానం ఉంది. మంగళూరు దగ్గర సురత్కల్‌లోని ఎన్‌ఐటీలో ప్రొఫెసర్ మోహిత్ తహిలియానీ, ఆయన విద్యార్థులు పట్టుకున్నది క్యూల సమస్య. లంకె ఇరుకైన చోట ప్యాకెట్లను దాచే జాగా ఎక్కువైతే అవి పోవు గానీ అక్కడే నానుతూ ఉంటాయి. వెనకున్న ప్రతివాడికీ ఆలస్యం. దీన్ని జిమ్ గెటిస్ 2010 ప్రాంతంలో బఫర్‌బ్లోట్ అన్నారు. క్యూ నిండకముందే లెక్క ప్రకారం కొన్ని ప్యాకెట్లను పారేసి పంపేవాళ్ళను హెచ్చరించడం దీనికి మందు. అలాంటి ఒక పద్ధతి సిస్కో ఇంజనీర్లు తయారుచేసిన ‘పై’. 2014లో లైనక్స్‌లో చేరింది, 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8033 అయింది. ప్యాకెట్ క్యూలో 15 మిల్లీసెకన్లకు మించి ఆగకూడదన్నది దాని గురి.

సురత్కల్ బృందం కొత్తది కనిపెట్టాలని ఉరకలేదు. ఆర్‌ఎఫ్‌సీలో రాసిందీ, కెర్నెల్‌లో ఉన్నదీ పక్కపక్కన పెట్టుకుని చదివారు. కోడు ముందు వచ్చింది, ప్రమాణం తర్వాత ఖరారైంది; రెంటికీ తేడాలు ఉండిపోయాయి. 2019లో ఆ తేడాలను ఒక్కొక్కటిగా సరిచేస్తూ మార్పులు పంపారు. అందులో ఒకటి చూడండి: ప్యాకెట్‌ను పారేసే సంభావ్యత సున్నాకూ ఒకటికీ మధ్య ఉండే భిన్నం. కెర్నెల్‌లో దశాంశాలు లేవు కాబట్టి దాన్ని పెద్ద పూర్ణాంకంగా సాగదీసి దాచుకుంటారు. 32 బిట్ల అంకె చాలక, దాన్ని 64 బిట్లకు పెంచారు. ఆ అనుభవంతోనే ఒక్కో ప్రవాహానికి వేరు క్యూ ఇచ్చే ‘ఎఫ్‌క్యూ పై’ని రాశారు. 2020 మార్చిలో విడుదలైన లైనక్స్ 5.6లో అది ఉంది. విద్యార్థుల పని ప్రపంచంలో ఆ వెర్షన్ నడిచే ఏ యంత్రంలోనైనా అందుబాటులో ఉందన్నమాట.

ఆ దారిలో డబ్బుతో కొనాల్సిన పరికరం ఒక్కటీ లేదు. కావలసింది పాతదైనా సరే ఒక లాప్‌టాప్, సీ భాష మీద పట్టు, రాసిన దాన్ని ముక్కూ మొహం తెలియనివాళ్ళు నలుగురూ తప్పుపడితే ఓర్చుకుని తిరిగి పంపే గుణం. లైనక్స్ నెట్‌వర్క్ కోడుకు మార్పులు పంపడానికి, కొత్త వసతులకు ‘నెట్-నెక్స్ట్’ అని, తప్పుల దిద్దుబాటుకు ‘నెట్’ అని రెండు శాఖలుంటాయి. సుమారు తొమ్మిది పది వారాలకొక కొత్త కెర్నెల్ వస్తుంది. అందులో రెండు వారాలు కొత్త వసతుల శాఖ మూసి ఉంటుంది. ఆ రెండు వారాల్లో పంపి తిట్టు తినడం కొత్తవాళ్ళలో దాదాపు అందరికీ జరిగేదే.

కాళేశ్వరానికి దగ్గరలో మంథని జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, వరంగల్‌లో ఎన్‌ఐటీ ఉంది. అక్కడి అధ్యాపకులకు ఒక మనవి. ఈసారి ఫైనలియర్ విద్యార్థులకు ఇంకో హాజరు పట్టిక యాప్ ఇవ్వకండి. ఒక ఆర్‌ఎఫ్‌సీ చేతికిచ్చి, దానికి సరిపోయే కెర్నెల్ ఫైలు చూపించి, రెంటికీ ఎక్కడెక్కడ తేడా ఉందో రాసుకు రమ్మనండి. తేడా దొరికితే దిద్దిన కోడు పంపించండి. దొరకకపోయినా, ఆ నలుగురు పిల్లలు ఒక ఫైలు మొదటి నుంచి చివరి దాకా చదివి ఉంటారు.